చుట్టకుదురు రెక్కకు పూల పొట్లం

పోయిన వారం మనం లేచి వెళ్ళేసరికి భువన చెయ్యి పూజగదిలో పళ్ళెం మీదికి సాగి ఉంది. పాపం ఆ పిల్ల ఏడు రోజులుగా అలాగే చెయ్యి చాచుకుని కూర్చుంది. ముందు దాని చెయ్యి దించుదాం, మిగతా కబుర్లు తర్వాత.

కానీ కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళు ఏమిటీ పళ్ళెం, ఏమిటీ చెయ్యి అని పక్కవాళ్ళను గిల్లుతారు కదా. వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పుకోవాలి.

భువనది గుడియాత్తం. చదివేది వేలూరులో, ఇంజినీరింగు ఆఖరి సంవత్సరం. జవ్వాది కొండల మీది ఊళ్ళకు మందుల పెట్టె మోసుకుపోయే చిన్న విమానం, మనిషి ఎక్కనిది, వాళ్ళ జట్టు తయారు చేస్తోంది. దానికి భువన గీసిన రెక్క లోకంలో ఉన్న రెక్కల్లాంటిది కాదు. ముందునుంచి ఒక రెక్క వెనక్కి వాలుతూ పోతుంది, తోక దగ్గర్నుంచి ఇంకొకటి ముందుకు వాలుతూ వస్తుంది, చివర రెండూ చేతులు కలుపుకుని ఒక చుట్టలా మూసుకుంటాయి. ఆ బొమ్మ చూపించిన రోజే వాళ్ళ అవ్వ కమలాక్షి, ఇది బిందె కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదురు కదా అని తేల్చేసింది. అప్పటినుంచి ఇంట్లోనే కాదు, వేలూరు లాబులో కూడా దాని పేరు చుట్టకుదురు రెక్కే.

రెక్క చేసే కార్బన్ గుడ్డ ఒక్క రెక్కకు సరిపడా మాత్రమే వచ్చింది. దాన్ని పరిచే అచ్చు పళ్ళికొండ దగ్గర వర్క్‌షాపులో కోయాలి. ఆదివారం సాయంత్రం నాలుగింటికి యోగానంద్ సార్ ఫోన్ చేస్తారు. చుట్టకుదురు రెక్కకు అచ్చు కోయమనాలా, లేక అందరూ చేసే తిన్నని రెక్కకు కోయమనాలా అన్నది అప్పుడే తేలిపోవాలి. ఆయన అడిగేవి రెండే మాటలు. ఏ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశావు, దాన్ని ఎందుకు నమ్మావు. ఈ రెండింటికీ జవాబుంటే భువన రెక్క ఎగురుతుంది. లేకపోతే ఏడాదిగా ఆ పిల్ల గీసిందంతా కాగితంలోనే ఉండిపోతుంది.

రెక్కను చేయకముందే కంప్యూటర్లో దాని మీదికి గాలి వదిలి చూసే సాఫ్ట్‌వేర్లు మొదట మూడు దొరికాయి. ఒకటి పెద్ద కంపెనీది. విద్యార్థులకు ఊరికే ఇస్తారు గానీ, గాలిని ఇన్ని ముక్కలకు మించి కోయకూడదని గీత గీసి ఇస్తారు. అంత తక్కువ ముక్కల్లో చుట్టకుదురు ఇమడలేదు. దాన్ని వేలూరులోనే వదిలేశారు. మిగిలినవి రెండు. ఒకటి వేగంగా లెక్క చెప్పేది. కాఫీ చల్లారేలోపు జవాబు ఇచ్చేస్తుంది. గాలి ఎప్పుడూ రెక్కను అంటిపెట్టుకునే పోతుందని మొదటే అనుకుని, ఆ అనుకున్నదాని మీద లెక్క కడుతుంది. రెండోది నిదానం. గాలిని లక్షల గళ్ళుగా కోసి, గడి గడికీ పోయి నువ్వెటు పోతున్నావని అడిగి వస్తుంది. వేలూరు లాబులో శుక్రవారం చుట్టకుదురును దానికిచ్చారు, అది ఇంకా అడుగుతూనే ఉంది.

భువనకు వేగందే ముద్దు. ఎందుకు ముద్దు కాదు? పెట్టిన ప్రతిసారీ నీ రెక్క బ్రహ్మాండం అంది. తన బిడ్డను మెచ్చుకున్న నోరు ఎవరికి చేదు?

నిదానందే కావాలన్నవాడు రూపేష్. భువనకు మేనత్త కొడుకు, అదే క్లాసు, అదే జట్టు. ఇడ్లీపాత్ర మూత మధ్యలో తీసి చూడని మనిషి. వీళ్ళిద్దరూ శనివారం వేలూరు బస్టాండులో మొదలుపెట్టిన వాదం గుడియాత్తం దాకా తెగలేదు. నువ్వు దాన్నే నమ్ముకుంటే నేను నీతో రాను అని భువన, నీకు తొందరెక్కువ అని రూపేష్. వెనక సీట్లోనుంచి వింటున్న కండక్టరు అవి పెళ్ళి మాటలనుకుని, పెద్దల చేత మాట్లాడించుకోండమ్మా అని తమిళంలో బుద్ధి చెప్పి చిల్లర ఇచ్చాడు.

పెద్దలకే వదిలారు కూడా. ఇద్దరికీ అవ్వే కదా కమలాక్షి. కొడుకు కూతురు ఒకరు, కూతురు కొడుకు ఒకరు. ఎవరి పక్కన నిలబడ్డా ఇంకొకరు అన్నం మాని కూర్చుంటారు. అందుకని ఆదివారం పొద్దునే ఆవిడ గంగమ్మ పటం ముందు పూలు కట్టింది.

పూలు కట్టడం మన పక్క తెలియనిదెవరికి. ఒక అరిటాకు ముక్కలో తెల్ల నందివర్ధనం, ఇంకో ముక్కలో ఎర్ర గన్నేరు. రెంటినీ ఒకేలా మడిచి, అరటి నారతో చుట్టి, పళ్ళెంలో కలిపేస్తారు. మనసులో మాట చెప్పుకుని ఒకటి తీయాలి. తెలుపు వస్తే చెయ్యమని, ఎరుపు వస్తే వద్దని. తీయని పొట్లాన్ని విప్పకుండా బావిలో వదలాలి. ఆ ఇంటి పద్ధతి అది.

కమలాక్షి కట్టే పూలకు ఆ వీధిలో పేరుంది. ఆమె కడితే తెలుపే వస్తుంది, అంత మంచి హస్తవాసి అని చెప్పుకుంటారు. పరదరామి నుంచి ఒకాయన బోరు వేయాలా వద్దా అని అడగడానికి కోడిపిల్లను చంకలో పెట్టుకుని మరీ వచ్చాడు. చిన్నపొన్ను కూతురి సంబంధానికి, అంకప్ప లారీకి, మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడాలా అని అడిగిన ఒక పెద్దమనిషికి, అందరికీ తెల్లపూవే. ఆ పెద్దమనిషి ఓడిపోయాడు, అది వేరే సంగతి. నిలబడమంది గానీ గెలుస్తావనలేదు కదా గంగమ్మ.

ఇక భువన చెయ్యి దించుదాం.

వేగం సాఫ్ట్‌వేర్‌నే నమ్మనా అమ్మా అని మనసులో అడిగి, ఆ పిల్ల ఎడమవైపు పొట్లం తీసింది. నార విప్పింది. ఆకు మడత తెరిచింది.

తెల్ల నందివర్ధనం.

భువన ఆ పూవును తీసి జడలో పెట్టుకుని బావ వైపు చూసిన చూపు ఎలా ఉందంటే, పందెంలో గెలిచిన పుంజు కూడా అంత మెడ ఎత్తదు. రూపేష్ సరేనన్నట్టు తల ఊపి, రెండో పొట్లం తీసుకుని పెరట్లో బావి వైపు నడిచాడు. అవ్వ వాడు పోతున్న దిక్కే చూసి, పాయసం పొంగుతోంది వచ్చి చూడమని కేక వేసింది. పొయ్యి మీద పాయసం లేదు. భువనకు అది అప్పుడు తట్టలేదు.

వాడు బావి దాకా పోయాడు. వదలబోయాడు. ఓడినవాడి చెయ్యి ఊరుకోదు. ఏ రంగు తనకు రాకుండా పోయిందో ఒక్కసారి చూసుకుంటే తప్పేమిటనిపించింది. గోటితో నార తెంపాడు.

మళ్ళీ లోపలికి వచ్చినప్పుడు వాడి అరచేతిలో అరిటాకు విప్పి ఉంది. అందులో ఇంకో తెల్ల నందివర్ధనం, మంచు తడి కూడా ఆరకుండా.

వంటింటి గడప మీద ముగ్గురూ నిలబడిపోయారు. రూపేష్ చెయ్యి అవ్వ ముక్కు దగ్గరికి వెళ్ళింది.

"ఏందవ్వా ఇది? ఎర్ర పూవు యాడ?"

"చెట్టు మీదనే ఉండాది" అంది కమలాక్షి. ఆమె మొహంలో దొంగతనం బయటపడిన జాడ ఏ మూలా లేదు. "ఈ పొద్దు కొయ్యలేదు."

"ఈ పొద్దేనా, ఎప్పుడూ కొయ్యలేదా?"

అవ్వ పీట జరుపుకుని కూర్చుంది. కొంగుతో మెడ తుడుచుకుంది. ఇక దాచి లాభం లేదనుకుందో, ఇన్నేళ్ళకు చెప్పుకోవడానికి మనుషులు దొరికారనుకుందో, నవ్వుతూనే మొదలుపెట్టింది.

"కొత్తలో కోసినాను నాయనా. ఎరుపు వచ్చినోళ్ళు ఇంటికి పోయినారా? పోలేదు. సరిగ్గా కలపలేదు, ఇంకోతూరి కట్టవ్వా అనేది. తెలుపు వచ్చేదాకా నన్ను లేవనీలేదు. వద్దనుకున్నోడు నా గడప తొక్కడు రా. చేసేయాలని మనసులో అనుకున్నాకే పూలు అడిగేకి వస్తారు. మళ్ళా ఆ ఎర్ర పూవు ఎందుకు, సుమ్మా ఊరికే చెట్టుకి బరువు తగ్గించేకా?"

భువన నెమ్మదిగా అడిగింది. "మా అమ్మానాయన పెండ్లికి?"

"తెలుపే. రెండూ."

"తాత పొయిగై సంతలో ఎద్దును కొన్నప్పుడు?" ఇది రూపేష్.

"దానికీ తెలుపే."

"ఆ ఎద్దు తాతను పొడిచింది కదవ్వా."

"పొడిచింది. ఎద్దుకి కొమ్ములుండేది నా పూవు తప్పా?"

రూపేష్ గోడకు జారగిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. పరదరామి ఆయన బోరులో నీళ్ళు పడ్డాయా అని అడిగితే, పడ్డాయి, కోడిని మాత్రం తిరిగి ఇయ్యలేదులే అంది అవ్వ. దాంతో భువనకూ నవ్వు ఆగలేదు. జడలో పూవు ఊడి కింద పడేదాకా నవ్వింది. అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఎదురుగా గోడకు వేలాడుతోంది. ఇద్దరూ దండల్లో బిగుసుకుపోయి, గంగమ్మే మమ్మల్ని కలిపిందన్నట్టు నిలబడి ఉన్నారు. అది చూసి మళ్ళీ నవ్వింది.

కింద పడ్డ పూవు తీద్దామని వంగిన మనిషి అక్కడే ఆగిపోయింది.

ఒక చేతిలో తను తీసిన పూవు. ఇంకో చేతిలో, బావ ఇచ్చిన పూవు. ఏది తీసినా తెలుపే వచ్చేది. అలాంటప్పుడు తను గెలిచిందేమిటి? గంగమ్మ తనకు చెప్పిందేమిటి? ఏమీ చెప్పలేదు. వద్దనడానికి ఆ తల్లికి అవ్వ ఒక పూవే ఇవ్వలేదు.

ఆ ఆలోచన అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. నెలల తరబడి తను గీసి పెట్టిన రెక్కలన్నీ వరసగా కళ్ళ ముందుకొచ్చాయి. మొదటిది పెడితే బాగుందంది. కొసలు మార్చి పెడితే ఇంకా బాగుందంది. ఒకసారి నిద్రమత్తులో వెనక రెక్కను తలకిందులుగా గీసి పెడితే, దానికీ ఏవో చక్కని అంకెలిచ్చి పక్కకు తప్పుకుంది. ఇంత కాలంలో ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కసారైనా, ఇది పడిపోతుంది తల్లీ అని చెప్పిందా?

"బావా, లాప్‌టాప్ తియ్యి" అంది. "దానికి ఒక చెత్త రెక్క ఇద్దాం."

చెత్త రెక్క కోసం ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అవ్వను లేపి, ఆమె కింది పీట లాగారు. నాలుగు పలకల చెక్క, వంపు లేదు, సొంపు లేదు, అవ్వ వాళ్ళ నాయన చిన్నమణి కాలంలో చేయించింది. దాని పొడవు వెడల్పులు కొలిచి, రెక్క అని చెప్పి, వేగం సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. ఆ పీట మా అమ్మగారింటి సారెలో వచ్చింది, జాగ్రత్త అని అవ్వ అంటూనే ఉంది.

కొండ ఊళ్ళలో దిగడానికి పొడవాటి నేల ఉండదు. చిన్న చదును దొరికితే గొప్ప. విమానం ముక్కు బాగా పైకెత్తి, వేగం చంపుకుని, మెల్లగా కూర్చోవాలి. ముక్కు అంత ఎత్తినప్పుడు రెక్క మీది గాలి అంటిపెట్టుకుని ఉంటుందా, తెంచుకుపోతుందా అన్నదే అసలు ప్రశ్న. తెంచుకుపోతే విమానం దిగదు, రాలుతుంది. మందులపెట్టెతో సహా.

భువన పీట ముక్కు కొంచెం ఎత్తింది. ఎగురుతుంది అంది సాఫ్ట్‌వేర్. ఇంకా ఎత్తింది. ఇంకా బాగా ఎగురుతుంది అంది. గోడకు ఆనించిన నిచ్చెనలా నిలబెట్టింది. అంకె పెరిగిందే తప్ప తగ్గలేదు. ఎంత నిక్కితే అంత మోస్తానంది ఆ పీట.

రూపేష్ తెర వైపు వంగి చూసి, అవ్వకు దణ్ణం పెట్టాడు. ఈ లెక్కన నువ్వు ఆ పీట మీద కూర్చుంటే చాలు, జవ్వాది కొండకు పోయి రాగి సంగటి తిని తిరిగి రావచ్చన్నాడు. అవ్వ నిజంగానే సంబరపడి, దిగేటప్పుడు పట్టుకునేకి పిడి పెట్టించాలా అని అడిగింది.

భువన మాత్రం నవ్వలేదు. అదే పీటను, అవే ఎత్తుల్లో, రూపేష్ తెచ్చుకున్న నిదానం సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చింది. పీట మొత్తం కాకుండా పక్కనుంచి చూసినట్టు ఒక సన్నని ముక్క చాలు కాబట్టి వేలూరు దాకా పోనక్కర్లేకపోయింది, ఇంటి లాప్‌టాపే నెట్టుకొచ్చింది. అది గడులు లెక్కపెట్టుకుంటూ ఉండగా ములక్కాయ సాంబారుతో భోజనాలయ్యాయి. ఫ్యాను కన్నా ఎక్కువ చప్పుడు చేస్తోంది మీ పెట్టె అని అవ్వ రెండుసార్లు చూసి వెళ్ళింది.

బొమ్మ వచ్చింది. గాలి పీటను అంటిపెట్టుకున్న చోట తెలుపు, తెంచుకుపోయిన చోట ఎరుపు. కొంచెం ఎత్తిన పీట మీద దాదాపు అంతా తెలుపే. అక్కడ రెండు సాఫ్ట్‌వేర్ల అంకెలూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. ఎత్తే కొద్దీ వెనకనుంచి ఎరుపు పాకింది. నిక్కబెట్టిన పీట మీద గాలి విడిపోయి సుడులు తిరిగి, తిరునాళ్ళలో తప్పిపోయిన జనంలా ఎటో పోయింది. ఇది మోయదు అని తెర ముఖం మీద చెప్పింది.

"ఆ వేగంది అబద్ధాలకోరు కాదు బావా" అంది భువన. "గాలి విడిపోతుందనేదే దానికి తెలీదు. వంద రెక్కలు గీసి పది ఏరుకునేకి బాగుంటాది. కొండ మీద దిగేది అడిగితే మాత్రం..."

"జల్లెడగా పనికొస్తాది, తక్కెడగా పనికిరాదు" అన్నాడు రూపేష్.

గెలిచానన్న గర్వం వాడి గొంతులో ఉంటుందని భువన కాచుకుని చూసింది. లేదు. ఎందుకు లేదో ఆ క్షణానే తెలిసింది. ఇన్నాళ్ళూ చుట్టకుదురును మెచ్చుకున్న నోరు ఒక్కటే. ఆ నోరే పీటను కూడా మెచ్చుకుంది. ఇక చుట్టకుదురు బాగుందని చెప్పినవాళ్ళు లోకంలో ఒక్కరూ మిగల్లేదు.

నాలుగింటికి ఫోన్ మోగింది. యోగానంద్ సార్ పళ్ళికొండ వర్క్‌షాపులోనే కూర్చుని ఉన్నారు, వెనక మిషను చప్పుడు వినిపిస్తోంది. తమిళంలోనే అడిగారు, ఏ సాఫ్ట్‌వేర్ అని. భువన తమిళంలోనే చెప్పింది, నిదానందని. ఎందుకు నమ్మావన్నారు. పీట సంగతి చెప్పింది, చెడ్డదాన్ని చెడ్డదని ఆ సాఫ్ట్‌వేర్ చెప్పింది కాబట్టి నమ్మానంది. పూల సంగతి చెప్పలేదు. ఆయన, ఈ మాట కోసమే ఏడాదిగా కాచుకున్నానన్నారు. మరి నీ రెక్కను గురించి అది ఏమంటోందన్నారు.

ఇక్కడ ఒక్క చిన్న అబద్ధం చాలు. బాగుందంటోంది సార్ అంటే చాలు, అచ్చు తెగుతుంది, గుడ్డ పరుస్తారు. భువన పెదవి తడుపుకుంది.

"తెలియదు సార్. ఇంకా చెప్పలేదు."

షాపు మూసేదాకా ఇక్కడే ఉంటానన్నారాయన. అప్పటికీ తెలియకపోతే తిన్నని రెక్కకే కోయిస్తానన్నారు. కోపంగా అనలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఫోన్ కింద పెట్టిందో లేదో లాప్‌టాప్ టింగుమంది. వేలూరు లాబులోని కంప్యూటరు కబురు పంపింది. శుక్రవారం ఇచ్చిన పని పూర్తయింది, బొమ్మ చూసుకోవచ్చు.

ఎప్పుడూ జవాబు వచ్చీరాకముందే నొక్కే పిల్ల, ఈసారి వేలు ఎత్తి అలాగే ఉండిపోయింది. పొద్దున పళ్ళెం ముందు లేని భయం ఇప్పుడెందుకొచ్చిందో దానికే అర్థం కాలేదు. కాస్త ఆలోచిస్తే అర్థమైంది. పొద్దున పొట్లంలో ఎర్రపూవు లేదు.

అవ్వ పీటను తెచ్చి పక్కనే వేసుకుని కూర్చుంది. తెరలోకి తొంగి చూసి గుసగుసగా అడిగింది. "తెలుపు వస్తాది కదమ్మే?"

"ఈ పొట్లం నువ్వు కట్టలేదవ్వా" అంది భువన. "నేనూ కట్టలేదు."

నొక్కింది.

గుడియాత్తంలో నెట్టు సంగతి తెలిసిందే కదా, బొమ్మ ఒక్కసారిగా రాలేదు. ముక్కు నిక్కబెట్టిన విమానం పైనుంచి కిందికి, చాపలాగా నెమ్మదిగా పరచుకుంటూ వచ్చింది. ముందు రెక్క మొదలు తెల్లగా వచ్చింది. అవ్వ చేతులు జోడించింది. ముందు రెక్క పొడవునా తెల్లగానే వచ్చింది. రూపేష్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. వెనక రెక్క మొదలు కూడా తెల్లగా వచ్చి, కొసలు రెండూ చేతులు కలిపే మూల వైపు మెల్లగా తిరిగింది. భువన అన్నిటికన్నా ప్రేమగా, అన్నిటికన్నా ఎక్కువసార్లు చెరిపి గీసిన మూల అది.

ఆ మూల దగ్గర తెర మీద మొదటి చుక్క పడింది. రూపేష్ భువన చెయ్యి పట్టుకున్నాడు. ఆ పట్టుకున్నది ఇద్దరూ గమనించలేదు గానీ, అవ్వ గమనించింది. గమనించి కూడా, జీవితంలో మొదటిసారి ఏమీ అనకుండా, పీట మీదనుంచి లేచి నిలబడింది. ఆ చుక్క ఏ రంగుదో వచ్చే వారం చూద్దాం.